వంత ఎవరిది? సాలూరు పరిసరాల ముగ్గురు కళాకారులు – శ్రోతకు ఇచ్చిన స్థానం

ప్రవేశిక

ప్రదర్శన కళలపై తెలుగులో వెలువడే వ్యాసాలలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: ఫలానా కళాకారుడు ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేశాడు. ప్రశంసగా ఈ వాక్యం సరిపోతుంది, విమర్శగా సరిపోదు. ఆ మంత్రం ఏమిటో, ముగ్ధులైనవారు ఆ సమయంలో ఏం చేస్తున్నారో అది చెప్పదు. పైగా శ్రోతను కేవలం పాత్రగా, అంటే పోసినది నింపుకొనే గిన్నెగా, మార్చివేస్తుంది.

మన అలంకారశాస్త్రం మాత్రం శ్రోతను ఇంత తేలికగా చూడలేదు. భరతుడు నాట్యశాస్త్రం ఇరవైయేడవ అధ్యాయాన్ని ప్రదర్శన సిద్ధికి, అంటే ప్రదర్శన ఫలించిందని తెలిపే గుర్తులకు, కేటాయించాడు. మానుషీ సిద్ధికి చిరునవ్వు, పెద్ద నవ్వు, మెచ్చుకోలు మాట, అయ్యో అనే జాలి మాట, గగుర్పాటు, ఆసనం విడిచి లేవడం వంటివి చిహ్నాలని చెప్పాడు. దైవికీ సిద్ధికి చెప్పిన గుర్తులలో నిండిన రంగస్థలం, శబ్దం లేకపోవడం, అలజడి లేకపోవడం ఉన్నాయి. ఒక సభ లేచి నిలబడడమూ, మరొక సభ ఊపిరి బిగబట్టి కూర్చోవడమూ రెండూ ఆయన దృష్టిలో ఫలితాలే. అయితే ఏ ప్రదర్శన ఏ సిద్ధిని కోరుతుంది, దానికోసం శ్రోతను ఎక్కడ నిలబెడుతుంది అన్న ప్రశ్న ప్రతి కళాకారుని విషయంలోనూ విడిగా అడగవలసినది.

ఆ ప్రశ్నను సాలూరు పరిసరాలకు చెందిన ముగ్గురి విషయంలో అడగడం ఈ వ్యాసం ఉద్దేశం. హరికథా పితామహునిగా ప్రసిద్ధుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) బలిజిపేట మండలంలోని అజ్జాడలో జన్మించారు. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు (1922–1999) సాలూరు మండలంలోని శివరామపురంలో జన్మించారు. ఆయన ఇంటిపేరే ఊరిపేరు. ప్రజావాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు (1943–2020) పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో జన్మించారు. ఈ మూడు గ్రామాలూ ఒకనాటి విజయనగరం జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనివి. ఒకరు సంస్థానాల సభలకూ దేవాలయ ప్రాంగణాలకూ, ఒకరు గ్రామఫోనుకూ వెండితెరకూ, ఒకరు బహిరంగ సభకూ చెందినవారు. ముగ్గురినీ ఒకే వ్యాసంలో కూర్చడానికి పుట్టిన నేల ఒక్కటే కారణం కాదు. శ్రోత స్పందనను నిర్మించడంలో ముగ్గురూ మూడు భిన్న మార్గాలు తొక్కారు. ఆ భేదం తెలియడానికి ఈ ప్రాంతపు జానపద కళ నుండే ఒక పదాన్ని సాధనంగా తీసుకోవచ్చు. ఆ పదం ‘వంత’.

వంత – మొదటి శ్రోత

ఉత్తరాంధ్ర జముకులకథలో ప్రధాన కథకునికి వంతలు తోడుగా ఉంటారు. తోలుకు బిగించిన తీగను మీటి పలికించే జముకు నాదం మీద కథ సాగుతుంది. కథకుడు చరణం ఎత్తుకుంటే వంతలు అందుకుంటారు. మాట విసిరితే ఊకొడతారు. కథ మలుపు తిరిగినచోట ఆశ్చర్యపోతారు. బుర్రకథలో ఈ ఏర్పాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వంత కథను వర్తమాన విషయాలకు ముడిపెట్టి వ్యాఖ్యానిస్తాడు. రెండవ వంత హాస్యం పండిస్తూ, సభలో ఎవరికైనా కలగగల సందేహాన్ని తానే పైకి అడుగుతాడు.

వంతను సాధారణంగా గాత్ర సహకారంగానే వివరిస్తారు. కథకునికి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది, పాటకు బలం వస్తుంది అంటారు. అది నిజమే. కాని వంత చేసే ముఖ్యమైన పని వేరొకటి ఉంది. వేదిక మీద కూర్చున్న మొదటి శ్రోత వంతే. కథ విన్నవాడు ఎక్కడ నవ్వాలో, ఎక్కడ అయ్యో అనాలో, ఎక్కడ అడ్డు తగిలి ప్రశ్నించాలో సభకంటె ఒక క్షణం ముందుగా చేసి చూపేవాడు వంత. సభ ఆ నమూనాను అనుసరిస్తుంది. అందుచేత జానపద కథాగానంలో శ్రోత స్పందన ప్రదర్శనకు బయట జరిగే సంఘటన కాదు. ప్రదర్శనలోనే ఒక పాత్రగా దానికి చోటుంది.

సాలూరు వంటి ప్రాంతంలో ఈ ఏర్పాటుకు అదనపు ప్రయోజనం ఉందని ఊహించవచ్చు. మన్యానికీ మైదానానికీ, ఆంధ్రకూ ఒడిశాకూ నడుమ ఉన్న ఈ ఊరి సంతలో తెలుగుతోపాటు ఒడియా, గిరిజన భాషలూ వినిపిస్తాయి. సభలో కూర్చున్న అందరికీ ఒకే భాషాజ్ఞానం, ఒకే పురాణజ్ఞానం ఉంటాయని నమ్మి కథ చెప్పే వీలు ఇక్కడి కథకునికి లేదు. మాట అందనివానికి వంత ముఖమైనా అందుతుంది.

ఈ దృష్టితో చూస్తే, ముగ్గురు కళాకారులనూ ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు: వారి ప్రదర్శనలో మొదట స్పందించేది ఎవరు?

నారాయణదాసు – తనకు తానే వంత

1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు చెప్పిన హరికథ విని, ఆ ప్రేరణతో నారాయణదాసు ధ్రువచరిత్రను రచించి గానం చేశారు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిదేళ్లు. హరికథలో వంత లేడు. వెనుక మృదంగం, ఫిడేలు ఉంటాయి; మాట్లాడే నోరు మాత్రం ఒక్కటే. కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, మెడలో పూలదండ వేసుకొని నిలబడిన దాసుగారే కథకుడు, నర్తకుడు, సమస్త పాత్రధారి. జముకులకథలో ముగ్గురు పంచుకొనే పనిని ఇక్కడ ఒక్కరు చేయాలి. అందులో మొదటి శ్రోత పని కూడా ఉంది.

ధ్రువుని కథ సభకు ముందే తెలుసు. సురుచి ఆ పసివాణ్ణి తండ్రి తొడ ఎక్కనివ్వదనీ, వాడు అడవికి పోయి తపస్సు చేస్తాడనీ, చివరకు ధ్రువపదం పొందుతాడనీ తెలియనివారు ఆ సభలలో అరుదు. తరువాత ఏం జరుగుతుందన్న ఉత్కంఠ మీద ఆధారపడడం హరికథకునికి సాధ్యం కాదు. తెలిసిన కథనే మళ్లీ మొదటిసారి విన్నట్లు చేయాలి. దానికి హరికథ అనుసరించే మార్గం పాత్రల నడుమ వేగంగా మారడం. సురుచి గొంతుతో కఠినంగా పలికిన నోరే మరుక్షణం బాలుని బిక్కమొగంతో పలుకుతుంది. ఆ వెంటనే రెండింటినీ చూసి చలించిన ప్రేక్షకునిగా నిట్టూరుస్తుంది. ఈ మూడవ గొంతే హరికథలో వంత. కథకుడు తన కథకు తానే మొదట కరిగి, ఆ కరుగుదలను సభకు అందిస్తాడు.

ఈ మూడవ గొంతుకు హరికథ రచనలోనే అవకాశముంది. కీర్తన, పద్యం, వచనం ఒకదాని వెంట ఒకటి వచ్చే నిర్మాణంలో ప్రతి రూపానికీ ఒక శ్రోత ఉన్నాడు. సంస్కృత సమాసభూయిష్టమైన పద్యం పండితుణ్ణి తల ఊపమంటుంది. తాళవైచిత్రి సంగీతజ్ఞుణ్ణి వేళ్లు లెక్కపెట్టమంటుంది. కథ మధ్యలో వచ్చే పిట్టకథ వెనుక వరుసలో కునికిపాట్లు పడేవాణ్ణి నవ్విస్తుంది. గోవింద నామం మాత్రం అందరి చేతా ఒకే గొంతుతో పలికిస్తుంది. అయిదు తాళాలను ఏకకాలంలో నిర్వహించిన లయజ్ఞునిగా దాసుగారికి దక్కిన కీర్తిని కేవలం విద్యాప్రదర్శనగా చూడడం పరిపాటి. అది విద్వాంసుణ్ణి సభలో నిలిపి ఉంచే ఉపాయం కూడా. ఒకే సభలో నాలుగు రకాల శ్రోతలుంటే నలుగురికీ వేరువేరు పనులు అప్పగించి, నామం దగ్గర మళ్లీ ఒక్కటి చేయడం ఆయన పద్ధతి.

దాసుగారు రసానుభవాన్ని విడదీసి చూడగల విమర్శకులు కూడా అనడానికి ‘నవరసతరంగిణి’ సాక్ష్యం. షేక్స్పియర్, కాళిదాసుల నాటకాల నుండి తొమ్మిది రసాలకూ తగిన ఘట్టాలను ఎంచి, అచ్చతెనుగులోకి తెచ్చిన సంకలనమిది. నాటకాన్ని కథాక్రమంలో కాక రసక్రమంలో విడగొట్టడం గమనించదగ్గది. కథ ఎవరిదైనా, భాష ఏదైనా, శ్రోతలో కలగవలసిన భావం ఏదన్నదే వారి వర్గీకరణకు ఆధారం. ఇది వేదిక ఎక్కి సభ ముఖాలను చదివినవాని వర్గీకరణ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అచ్చయిన హరికథలో కీర్తనలు, పద్యాలు, వచనాలు దొరుకుతాయి. సభనుబట్టి అప్పటికప్పుడు పుట్టే పిట్టకథ, చమత్కారం, మందలింపు సాధారణంగా అచ్చుకెక్కవు. అంటే కథకుని మూడవ గొంతులో పెద్ద భాగం పుస్తకంలో లేదు. అచ్చుప్రతిని మాత్రమే చూసి దాసుగారి హరికథలను పాండిత్యభారంతో కుంగినవిగా అంచనా వేయడం, వంతను తీసివేసి జముకులకథను చదవడం వంటిది.

రాజేశ్వరరావు – బాణీయే వంత

రాజేశ్వరరావు బాల్యం గాత్ర, మృదంగాల నడుమ గడిచింది. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు. పసితనంలోనే గ్రామఫోను రికార్డులకు పాడి, 1935 నాటి ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో కృష్ణునిగా నటించి పాడారు. ఆ తరువాత కలకత్తాలో కొంతకాలం గడిపి, అక్కడి చిత్రసంగీతపు పోకడలను దగ్గరగా పరిశీలించి తిరిగివచ్చారు. ఈ ప్రస్థానంలో మన ప్రశ్నకు సంబంధించిన అంశం ఒకటుంది. గ్రామఫోను ముందు పాడేవానికి శ్రోత కనబడడు. ముఖం చూసి స్వరం మార్చుకొనే అవకాశం, నవ్వు వినబడేదాకా ఆగే అవకాశం అతనికి లేవు. దాసుగారు సభలో చేసినదంతా ఇతడు ముందే, ఒకేసారి, మార్పులేకుండా పాటలో భద్రపరచాలి. కనబడని శ్రోత కోసం వంతను ఎక్కడ పెట్టాలి?

రాజేశ్వరరావు దానిని బాణీలో పెట్టారు. ‘మిస్సమ్మ’ (1955)లో పింగళి నాగేంద్రరావు రచించగా ఎ.ఎం. రాజా, పి. లీల పాడిన ‘రావోయి చందమామ’ పాట ఇందుకు మంచి ఉదాహరణ. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తున్న ఇద్దరు, వెన్నెల రాత్రి చంద్రుణ్ణి పిలిచి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చెప్పుకొంటారు. సాహిత్యం ఆద్యంతం ఎత్తిపొడుపే. సాహిత్యాన్నిబట్టి బాణీ కట్టి ఉంటే అది హాస్యగీతమయ్యేది, లేదా తగవులాట అయ్యేది. రాజేశ్వరరావు దానికి లాలిత్యంతో నిండిన, తొందర లేని ఒక ప్రణయగీతపు బాణీని ఇచ్చారు. ఫలితంగా, ఇద్దరి మధ్య ప్రేమ పుట్టిందన్న సంగతి ఆ ఇద్దరికంటె ముందు ప్రేక్షకునికి తెలిసిపోతుంది. మాట కాదంటున్నదాన్ని స్వరం అవునంటుంది. ఆ రెంటి నడుమ దూరాన్ని కొలుచుకొని చిరునవ్వు నవ్వుకోవడమే ప్రేక్షకునికి అప్పగించిన పని. కథలోని పాత్రలకంటె ముందుగా స్పందించి ప్రేక్షకునికి దారి చూపింది బాణీ. జముకులకథలో వంత చేసిన పని ఇక్కడ స్వరం చేసింది.

‘మల్లీశ్వరి’ (1951)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రచన ‘ఆకాశవీధిలో’ మరొక విధమైన ఉదాహరణ. ఘంటసాల, భానుమతి పాడిన ఈ యుగళగీతంలో నాయికా నాయకులు ఒకచోట లేరు. విడిపోయిన ఇద్దరూ మేఘంతో మొర పెట్టుకొంటున్నారు. ఆమె మాట అతనికి వినబడదు. అతని మాట ఆమెకు వినబడదు. యుగళగీతం అనే రూపానికి సహజమైన సంభాషణ ఇక్కడ లేదు. కాని ఒక గొంతు విడిచినచోట రెండవ గొంతు అందుకొనేలా సంగీతం నడుస్తుంది. వినబడని ఆ ఇద్దరి మాటలూ జవాబులుగా అతుకుతున్నది ఒక్క ప్రేక్షకుని చెవిలోనే. మేఘం స్థానంలో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టాడు సంగీతకర్త. రెండు దుఃఖాలనూ విన్నవాడు తానొక్కడే అయినప్పుడు, వాటిని కలపవలసిన బాధ్యతా తనదేనని అతనికి అనిపిస్తుంది. కలపలేకపోవడమే ఆ పాట మిగిల్చే వేదన.

ఈ రెండు పాటల్లోనూ ప్రేక్షకుడు గట్టిగా నవ్వడు, చప్పట్లు చరచడు. భరతుడు దైవికీ సిద్ధికి చెప్పిన నిశ్శబ్దం వంటిదే ఇక్కడి ఫలితం. దాసుగారి సభలో నలుగురి స్పందన నామం దగ్గర ఏకమైతే, రాజేశ్వరరావు పాటలో ప్రతి శ్రోతా ఒంటరిగా వింటాడు. పక్కవాని ముఖం చూడనక్కరలేని స్పందన ఇది.

వంగపండు – సభ అంతా వంత

1972లో రూపుదిద్దుకొన్న జననాట్యమండలి నిర్మాతలలో వంగపండు ఒకరు. ఆయనకూ కాలికి గజ్జె ఉంది. అజ్జాడ గజ్జెకూ పెదబొండపల్లి గజ్జెకూ నడుమ ఉన్న తేడా లక్ష్యంలోనే కాక, శ్రోతకు ఇచ్చిన పనిలో కూడా ఉంది. అంతకు ముందు శ్రీకాకుళ ఉద్యమకాలంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథను రాజకీయ ప్రచారానికి మలచారు. అక్కడ ఇంకా కథకుడు, వంతలు, వినే జనం అనే విభాగం మిగిలింది. వంగపండు పాటలో ఆ చివరి గీత చెరిగింది.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అనే పల్లవిని భాషాపరంగా పరిశీలిస్తే ఇది తెలుస్తుంది. అందులో ఉన్నవి మూడు అంగాలు: ఒక పిలుపు, ఒక ప్రస్తావన, ఒక ప్రశ్న. ‘పిల్లడో’ అన్న పిలుపు శ్రోతను చనువుగా ఏకవచనంలో సంబోధిస్తుంది. ఎంత పెద్ద సభలోనైనా ఒక్కొక్కరినీ విడిగా తాకుతుంది. ‘ఎల్దం’ అన్నది శిష్టభాషలోని ‘వెళ్దాం’. తెలుగులో ఈ క్రియారూపానికి కర్త ఎప్పుడూ ‘మనం’. ‘మేము’ కర్తగా ఈ రూపం రాదు. అంటే ఆ మాట పలికిన క్షణాననే శ్రోత బృందంలో కలిసిపోయాడు. ఆ తరువాత వచ్చింది ‘వస్తవ’ అన్న ప్రశ్న. కలుపుకోవడం ముందు, అడగడం తరువాత. వరుస తారుమారై ‘వస్తావా, వెళ్దాం’ అని ఉంటే అది నిబంధన అయ్యేది. ఉన్న వరుసలో అది ఆత్మీయత అయింది.

మాండలికానికీ ఇక్కడ ఒక పని ఉంది. పదాది వకారం లోపించిన ‘ఎల్దం’ విన్న ఉత్తరాంధ్ర శ్రోతకు అది ఇంటిమాట. వేదిక మీది నుండి తన పెరటిలోని మాట వినబడినప్పుడు, వేదిక ఎత్తు తగ్గుతుంది. ఇతర ప్రాంతాల శ్రోతకు అదే మాట ఒక ఊరివారి పిలుపుగా వినబడుతుంది. ఇద్దరికీ అందేది ఆహ్వానమే అయినా, ఒకరు ఆతిథేయి పక్షాన, మరొకరు అతిథి పక్షాన నిలబడతారు.

ఇంతకంటె ముఖ్యమైనది పల్లవిని సభ తిరిగి పాడినప్పుడు జరిగే మార్పు. వేదిక మీదివారు అడిగిన ప్రశ్నకు సభ జవాబు చెప్పదు. ప్రశ్ననే తిరిగి పాడుతుంది. పాడిన మరుక్షణం శ్రోత అడిగేవాడవుతాడు. ఇప్పుడు ఆ ప్రశ్న అతని నోటి నుండి పక్కవానికి చేరుతుంది. వేదిక మీద ఒకరిద్దరు ఉండే వంత ఇక్కడ సభ అంతటా వ్యాపించింది. ఆసనం విడిచి లేవడాన్ని సిద్ధికి గుర్తుగా చెప్పిన భరతునికి ఈ పాట ఆశ్చర్యం కలిగించి ఉండదు. అయితే ఇక్కడ లేచినవాడు మెచ్చుకోవడానికి లేవలేదు, నడవడానికి లేచాడు.

ఈ పాట 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రం ద్వారా వెండితెరకు చేరింది. అప్పుడు దాని పదాలు మారలేదు. శ్రోత స్థానం మారింది. బహిరంగ సభలో ప్రశ్నను అందుకొని పక్కవానికి అందించిన మనిషి, చీకటి హాలులో ఆ ప్రశ్న తెరమీది మనుషుల మధ్య తిరగడం చూస్తాడు. అతని రక్తం వేడెక్కవచ్చు. కాని పాట అతని నోటిగుండా పోవలసిన అవసరం లేదు. పాట శక్తి సాహిత్యంలోనో బాణీలోనో మాత్రమే ఉందని భావించేవారు ఆలోచించవలసిన విషయమిది.

కాదనే చోటు

ముగ్గురి పద్ధతులనూ పక్కపక్కన పెట్టినప్పుడు, శ్రోత స్పందనను మలచడమంటే అతనికి ఒక స్థానాన్నీ ఒక పనినీ ఇవ్వడమేనని తేలుతున్నది. ఇంతవరకు ఇది వర్ణన. విమర్శకు మరొక అడుగు అవసరం. ఇచ్చిన స్థానంలో శ్రోతకు కాదనే వీలు ఎంత ఉంది?

బుర్రకథలోని హాస్యపు వంతను ఇక్కడ మళ్లీ తలచుకోవాలి. అతడు కథకునికి అడ్డు తగులుతాడు. ‘అదెలా కుదురుతుంది?’ అని అడుగుతాడు. ఆ అడ్డు కథను బలహీనపరచదు. సందేహించిన శ్రోతకు తన సందేహం గౌరవించబడిందన్న తృప్తినిచ్చి, మరింత దగ్గరగా కూర్చోబెడుతుంది. అంటే మన జానపద సంప్రదాయం స్పందన నమూనాలో ఆమోదంతోపాటు అభ్యంతరానికి కూడా ఒక గొంతు కేటాయించింది.

ఈ గీటురాయి మీద ముగ్గురిలోనూ బలమూ పరిమితీ కనిపిస్తాయి. దాసుగారి హరికథలో పిట్టకథ అభ్యంతరానికి కొంత చోటిస్తుంది. లోకం తీరును, భక్తుల డాంబికాన్ని కూడా అక్కడ ఎగతాళి చేయవచ్చు. కాని కథ నామసంకీర్తనకు చేరినప్పుడు గొంతు కలపనివాడు సభలో ఒంటరి అవుతాడు. ఎగతాళి చేసే హక్కు కూడా ఆ ఒక్క నోటికే ఉంది. రాజేశ్వరరావు పాట శ్రోతకు పూర్తి స్వేచ్ఛనిస్తుంది. విననివాణ్ణి ఎవరూ చూడరు. విన్నవాడు తనకు తోచినంత కరగవచ్చు. అయితే ఆ స్పందనకు అతడు చెల్లించవలసినదేమీ లేదు. మేఘస్థానంలో కూర్చున్న ప్రేక్షకుడు పాట ముగిశాక లేచి ఇంటికి పోతాడు. వంగపండు పాట శ్రోత నుండి అన్నిటికంటె ఎక్కువ కోరుతుంది, అన్నిటికంటె ఎక్కువ గౌరవం ఇస్తుంది. అతణ్ణి పాటకు కర్తగా చేస్తుంది. కాని సభ అంతా వంత అయినచోట, అడ్డు తగిలే వంత మిగలడు. వందమంది ‘ఎల్దమొస్తవ’ అంటున్నప్పుడు, రాలేను అనదలచినవానికి పాటలో పదం లేదు. ఆ పాట ప్రశ్నార్థకంతో ముగియడం దాని నిజాయితీ. ఆ ప్రశ్నకు రెండవ జవాబు పాటలో వినబడకపోవడం దాని పరిమితి.

దీనిని ఉద్యమగీతపు లోపంగా మాత్రమే చెప్పడం అన్యాయం. సంశయానికి చోటిచ్చే తీరిక అన్ని కాలాలకూ ఉండదు. అలాగే సినిమా పాటను నిష్క్రియమని తక్కువ చేయడమూ తగదు. పాత్రలకంటె ముందు ఎదుటివారి మనసును గ్రహించడం నేర్పే పాట, శ్రోత వినికిడిని సూక్ష్మం చేసింది. ప్రతి పద్ధతీ ఒకదాన్ని ఇచ్చి మరొకదాన్ని తీసుకొంటుంది. విమర్శకుడు రెండు పద్దులూ రాయాలి.

ముగింపు

సాలూరు చుట్టుపట్ల కొద్ది దూరంలో, ఎనభై ఏళ్ల వ్యవధిలో పుట్టిన ముగ్గురు వంతను మూడుచోట్ల ఉంచారు: ఒకరు తన గొంతులో, ఒకరు బాణీలో, ఒకరు జనంలో. మంత్రముగ్ధత అనే ఒకే మాటతో ముగ్గురినీ మెచ్చుకొంటే ఈ భేదం మాసిపోతుంది. దానితోపాటు సభలో కూర్చున్నవారు చేసిన పని కూడా మాసిపోతుంది. నామం పలికినవారు, వెన్నెల పాటలో ప్రేమను ముందుగా పసిగట్టినవారు, ప్రశ్నను పక్కవానికి అందించినవారు ఆ కళలలో భాగస్వాములు. ప్రదర్శన కళల పరిశోధనలో పాఠసేకరణకు, గాత్రసేకరణకు ఇస్తున్న శ్రద్ధలో కొంత శ్రోతల జ్ఞాపకాల సేకరణకు కూడా ఇవ్వవలసి ఉంది. ఎక్కడ నవ్వారు, ఎక్కడ గొంతు కలిపారు, ఎక్కడ కలపలేక మౌనంగా ఉండిపోయారు అన్నది విన్నవారే చెప్పగలరు. వంగపండు సభలలో గొంతు కలిపినవారు నేటికీ ఈ ప్రాంతపు గ్రామాలలో ఉన్నారు. దాసుగారి హరికథలను విన్న తరం మాత్రం వెళ్లిపోయింది.